తల ఒక బండిది, మొండెం ఒక బండిది

ఉప్పు తిన్న విశ్వాసం మనుషులకు ఉంటుందేమో గానీ ఇనుముకు ఉండదు. అమెరికాలో మిషిగన్, ఒహాయో, పెన్సిల్వేనియా వైపు చలికాలం వచ్చిందంటే రోడ్ల మీద మంచు కరగడానికి టన్నుల కొద్దీ ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు చక్రాల వెంట ఎగిరి బండి అడుగున చేరతాయి. తలుపుల కింది అంచులు, కాళ్లు పెట్టుకునే నేలరేకు, వెనక తలుపు, చక్రాల మీది వంపులు ఒకటొకటిగా ఉబ్బి పొరలు లేస్తాయి. వేలితో పొడిస్తే వేలు అవతలికి పోతుంది. అదే బండి కింద ఉన్న ఛాసిస్ పట్టీల సంగతి వేరు. మందమైన ఇనుము. పైన ఎర్రగా కనిపించినా, గోకి చూస్తే లోపల గట్టిగానే ఉంటుంది. తాళం తిప్పితే ఇంజను పలుకుతుంది, నాలుగు చక్రాలూ లాగుతాయి. ఒళ్లు పోయింది, ఎముకలు మిగిలాయి.

ఆ పక్కనే ఇంకో బండి ఉంటుంది. చిన్న పికప్పు. ఎండ కాసే దక్షిణాది రాష్ట్రం నుంచి వచ్చినదో, కొట్టంలో దాచినదో, రేకు మీద మచ్చ లేదు. ఇంజను మాత్రం ఆయువు తీరి ఆగిపోయింది. ముందు చక్రాలను పట్టుకున్న సరంజామా కూడా వదులైంది. ఈ రెండింటినీ రోజూ చూసేవాడికి ఎప్పుడో ఒకప్పుడు ఆ ఆలోచన రాక మానదు. ఈ తల తీసి ఆ మొండెం మీద పెడితే?

అమెరికా పల్లెల్లో, చిన్న ఊళ్లలో ఇంటి వెనక షెడ్డుల్లో దశాబ్దాలుగా జరుగుతున్న పని ఇది. పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఛాసిస్ మీద చిన్న పికప్పు బాడీని కూర్చోబెట్టడం. ఎక్కువమంది ఎంచుకునే జంట షెవర్లేవారిదే. కింద కె5 బ్లేజర్, పైన ఎస్-10 పికప్పు. కె5 బ్లేజర్ 1969లో వచ్చింది. వెనకా ముందూ గట్టి యాక్సిల్ హౌసింగులు, కమాను కట్టలు, చాలా బండ్లలో 5.7 లీటర్ల వి8 ఇంజను, బరువు రెండు టన్నుల పైమాట. ఎస్-10 1982 మోడలుగా వచ్చింది. మొదట్లో దానికి పెట్టిన ఇంజన్లలో ఒకటి జపాన్ ఇసుజు వారి 1.9 లీటర్ల నాలుగు సిలిండర్లది. బండి బరువు సుమారు 1,200 కిలోలు. అంటే పందిరి గుంజకు ఏనుగు కాళ్లు అతికించినట్టు ఉంటుందనుకోవచ్చు. కానీ కొలతలు తీసి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

పెళ్లికి జాతకాలు చూసినట్టు ఈ పనికి ముందు చూసేది వీల్‌బేస్. అంటే ముందు చక్రం నడిమధ్య నుంచి వెనక చక్రం నడిమధ్యకు ఉన్న దూరం. 1973 నుంచి 1991 దాకా వచ్చిన కె5 బ్లేజర్‌కు అది 106.5 అంగుళాలు. పొట్టి తొట్టి ఉన్న ఎస్-10కు 108.3. తేడా 1.8 అంగుళాలు, మూడు వేళ్ల వెడల్పు కూడా లేదు. ఎస్-10లోనే పొడుగు తొట్టి రకానికి 117.9 అంగుళాలు, షెవర్లే పెద్ద పికప్పు కె10లో పొట్టి తొట్టి రకానికి 117.5. ఇక్కడ తేడా అర అంగుళం లోపే. ఫోర్డులో ఇంత దగ్గరితనం లేదు. 1980 నుంచి వచ్చిన పెద్ద బండి బ్రాంకోకు 104.7 అయితే, పొట్టి తొట్టి రేంజర్ పికప్పుకు 107.9. ఒక కంపెనీ ఒక దశాబ్దంలో రెండు వేర్వేరు అవసరాలకు చేసిన బండ్ల కాళ్ల మధ్య దూరం ఇంత దగ్గరగా కుదరడం కాకతాళీయం. ఆ కాకతాళీయం మీదే ఎంతోమంది తమ ఆదివారాలన్నీ ఖర్చు పెట్టారు.

పొడవు కుదిరినంత సులువుగా వెడల్పు కుదరదు. బ్లేజర్ దాదాపు 80 అంగుళాల వెడల్పు బండి, ఎస్-10 సుమారు 65. చిన్న బాడీ కూర్చున్నాక చక్రాలు రెండువైపులా జానెడు జానెడు బయటికి వస్తాయి. వాటిపైకి రెక్కల్లాంటి మడ్‌గార్డులు తగిలించుకోవాలి. చూపుకు కొంచెం పీత నడకలా ఉంటుంది. ఆ చూపు కోసమే చేసేవాళ్లూ ఉన్నారు, కానీ అసలు కారణం అది కాదు. ఎస్-10 ఫోర్ వీల్ డ్రైవ్ రకంలో ముందు చక్రాలు దేనికది విడివిడిగా కదిలే పద్ధతి. రోడ్డు మీద మెత్తగా ఉంటుంది గానీ పెద్ద టైర్లు వేసి బండరాళ్ల మీద, బురదలో తిప్పితే నిలవదు. పెద్ద బండి ముందు హౌసింగు మొత్తం ఒకే ఇనుప దూలం. దెబ్బ తగిలితే ఓర్చుకుంటుంది.

పని మొదలయ్యేది బోల్టుల దగ్గర. తొట్టి ముందు దిగుతుంది, దాన్ని పట్టుకున్నవి కొన్ని బోల్టులే. తర్వాత బానెట్, ముందు రెక్కలు, రేడియేటర్‌ను పట్టుకునే చట్రం. చివరికి క్యాబ్ ఒక్కటే మిగులుతుంది. క్యాబ్‌ను ఛాసిస్‌కు కట్టే బోల్టులు ఏళ్ల తరబడి నీళ్లలో నాని నట్టుతో ఏకమైపోయి ఉంటాయి. పానా వేస్తే నేలరేకులో దాక్కున్న నట్టు కూడా బోల్టుతో పాటే తిరుగుతుంది. రాత్రంతా నూనె పోసి నానబెట్టి, పొద్దున గ్యాస్ మంటతో వేడిచేసి, అప్పటికీ లొంగకపోతే కోసేయాలి. తొందరపడినవాడు నేలరేకు చింపుకుంటాడు. క్యాబ్ లేపేటప్పుడు తలుపులు మూసే ఉంచాలి. తలుపు లేని క్యాబ్ మూత తీసిన అట్టపెట్టె లాంటిది, గొలుసుకు వేలాడేసరికి మూలలు వంకరపోతాయి. ఒకసారి వంకరపోయాక ఆ తలుపు మళ్లీ గొళ్లెంలో పడదు.

వేలాడుతున్న క్యాబ్‌ను కొత్త ఛాసిస్ మీదికి నెమ్మదిగా దించే ఘడియ ఒకటుంది. ఒకరు గొలుసు వదులుతుంటారు. ఇంకొకరు కింద పడుకుని టార్చి పట్టుకుని "ఇంకొంచెం... ఆపు... వెనక్కి" అంటుంటారు. అప్పుడు తెలుస్తుంది అసలు గొడవ ఎక్కడో. షెవర్లే వి8 ఇంజనుకు డిస్ట్రిబ్యూటర్ వెనక కొసన ఉంటుంది, నిటారుగా, చిన్న కుండలా. ఇంజనుకూ డ్రైవరు కాళ్లకూ మధ్య ఉండే రేకు గోడను ఫైర్‌వాల్ అంటారు. చిన్న పికప్పు ఫైర్‌వాల్ చిన్న ఇంజన్ల కొలతకు చేసినది. క్యాబ్ ఇంకా నాలుగు అంగుళాలు దిగాల్సి ఉండగానే ఆ కుండ పోయి గోడకు తగులుతుంది. ఇక్కడ మూడు దారులున్నాయి. సుత్తితో కొట్టి గోడలో గుంట చేయడం ఒకటి. గోడను అంతమేర కోసి, బొచ్చె ఆకారంలో రేకు మలిచి వెల్డింగు చేయడం రెండోది. బాడీని వెనక్కి జరపడం మూడోది. బాడీ వెనక్కి జరిగితే ముందు చక్రం మడ్‌గార్డు వంపులో మధ్యన ఉండదు, బంపరు వైపుకు జరిగినట్టు కనబడుతుంది. కోసి మలిచేదే సరైన పని. సుత్తి గుంట బయటికి కనిపించదు కాబట్టి చాలామంది దాంతో సరిపెట్టుకుంటారు. ఆ గుంట చుట్టూ పడ్డ సన్నని పగుళ్లలోంచి ఇంజను పొగ క్యాబ్‌లోకి వస్తుంది. చలికాలంలో అద్దాలు మూసుకుని నడిపేవాడికి అది ప్రాణాల మీదికి తెచ్చే సంగతి.

స్టీరింగు ఇంకా సున్నితం. పెద్ద బండిలో స్టీరింగు బాక్సు ఉన్న చోటికీ చిన్న క్యాబ్‌లోంచి దిగే స్టీరింగు కడ్డీకీ వరస కుదరదు. మధ్యలో జాయింట్లు వేసి, కడ్డీని పక్కకు వంచి తీసుకెళ్లాలి. ఆ వంపు మరీ ఎక్కువైతే జాయింటు మలుపులో బిగుసుకుంటుంది. పైగా ఈ షెవర్లే ఫోర్ వీల్ డ్రైవ్ ఛాసిస్‌లకు స్టీరింగు బాక్సు బిగించిన చోటే పగుళ్లు వస్తాయన్నది ఆ పని తెలిసినవాళ్లందరికీ తెలిసిన జబ్బు. పెద్ద టైర్లు వేసి తిప్పినకొద్దీ ఆ చోట ఇనుము అటూ ఇటూ వంగి వంగి చీలుతుంది. మట్టి గీకి, బ్రష్షుతో శుభ్రం చేసి, ఎదురుగా దీపం పెట్టి చూస్తే వెంట్రుకలా ఒక గీత కనబడుతుంది. బాడీ ఎక్కించాక ఆ చోటు చూడటం కష్టం. అందుకే బుద్ధిమంతుడు క్యాబ్ దించకముందే చూస్తాడు. పగులు ఉంటే అంతవరకూ పని ఆపి, అక్కడ మందపాటి పలక వేసి బలపరిచాకే ముందుకెళతాడు.

ఇన్ని పనుల్లో అన్నిటికంటే చిన్నది, చూసేవాళ్లు పట్టించుకోనిది ఒకటుంది. క్యాబ్‌కూ ఛాసిస్‌కూ మధ్య పెట్టే రబ్బరు బిళ్లలు.

పెద్ద బండి ఛాసిస్‌కు ఉన్న చేతులు చిన్న క్యాబ్ బోల్టు రంధ్రాల కింద పడవు. కొత్త బ్రాకెట్లు చేసి వెల్డింగు చేసుకోవాలి. అంత కష్టపడ్డాక కొందరికి ఒక దురాలోచన పుడుతుంది. రబ్బరు ఎందుకు, ఇనుముకు ఇనుమే నేరుగా వెల్డింగు చేసేస్తే గట్టిగా ఉంటుంది కదా అని. గట్టిగానే ఉంటుంది, కొన్నాళ్లు. ఛాసిస్ అన్నది బిగుసుకుపోయిన వస్తువు కాదు. మూడువైపులు మూసి ఒకవైపు తెరిచిన ఇనుప తూము లాంటి రెండు పొడుగు పట్టీలు, వాటి మధ్య అడ్డపట్టీలు. ముందు కుడి చక్రం రాయెక్కి, వెనక ఎడమ చక్రం గుంటలో దిగినప్పుడు అది తడిగుడ్డ పిండినట్టు మెలితిరుగుతుంది. తిరగాలి కూడా. ఆ మెలికను మధ్యలో రబ్బరు మింగేస్తుంది, పైన క్యాబ్‌కు అందనివ్వదు. రబ్బరు లేకపోతే మెలికంతా నేరుగా రేకు మీద పడుతుంది. ముందు అద్దం మూలల్లో చీలిక మొదలవుతుంది.

ఈ సంగతి కొత్తగా ఎవరో కనిపెట్టవలసిన పని లేదు, ఫోర్డు కంపెనీ చేతులు కాల్చుకుని తెలుసుకుంది. 1961లో ఆ కంపెనీ క్యాబ్‌నూ తొట్టినీ ఒకే ముక్కగా కలిపి ఎఫ్-100 పికప్పు తెచ్చింది. చూపుకు సొగసుగా ఉంది, మధ్యలో సందు లేదు, చేయడానికి ఖర్చూ తక్కువ. తొట్టి నిండా బరువేసేసరికి ఛాసిస్ వంగింది, దానితో పాటు ముక్కంతా వంగింది. తలుపులు బిగుసుకుంటున్నాయని, లేదా వాటంతటవే తెరుచుకుంటున్నాయని రైతుల నుంచి ఫిర్యాదులు. 1963 తర్వాత ఫోర్డు ఆ పద్ధతి వదిలేసింది. ఈనాటికీ చాలా పికప్పుల్లో క్యాబ్‌కూ తొట్టికీ మధ్య రెండు వేళ్లు పట్టే సందు వదులుతున్నారు. ఆ సందును చూసి అతుకు సరిగా కుదరలేదనుకునేవాళ్లు ఉంటారు. దేని కదలిక దానిదిగా ఉంచడానికే ఆ సందు.

ఇక్కడే భేతాళుడు గుర్తొస్తాడు. చందమామ చదివి పెరిగిన తెలుగువాళ్లకు తలలు మారిన కథ చెప్పనక్కర్లేదు. గుడిలో ఒక పిల్ల భర్తా, ఆమె సోదరుడూ తలలు నరుక్కుని పడి ఉంటారు. దేవి కరుణించి తలలు మొండేలకు చేర్చమంటుంది. కంగారులో ఆ పిల్ల ఒకరి తల ఇంకొకరి మొండేనికి పెడుతుంది. ఇద్దరూ లేచి కూర్చుంటారు. ఇప్పుడు భర్త ఎవరు? అవయవాలన్నిట్లో తలే ముఖ్యం, భర్త తల ఉన్నవాడే భర్త అన్నాడు విక్రమార్కుడు.

షెడ్డులోంచి బయటికి వచ్చిన ఈ బండి విషయంలోనూ ప్రశ్న అదే. ఇది ఎస్-10ఆ, బ్లేజరా? రోడ్డు మీద చూసినవాళ్లు ఎస్-10 అంటారు, తల దానిదే కాబట్టి. తాళం చెవి పెట్టేదీ, కూర్చునేదీ అందులోనే, అద్దంలోంచి లోకం చూసేదీ అందులోంచే. కానీ బరువు మోసేదీ, లాగేదీ, ఆపేదీ బ్లేజర్. బీమా కంపెనీ అడిగితే ఏం చెప్పాలి? అమెరికాలో 1969 నుంచి కార్ల గుర్తింపు సంఖ్య ముందు అద్దంలోంచి బయటికి కనబడేలా డ్యాష్‌బోర్డు మీద ఉండాలి. 1981 మోడలు నుంచి ఆ సంఖ్యకు 17 అక్షరాలు, అంకెలు ఖాయం చేశారు. అంటే పైకి కనిపించే పేరు తల మీద ఉంది. అదే సంఖ్యో, అందులో కొంత భాగమో చాలా బండ్లకు ఛాసిస్ మీద కూడా కొట్టి ఉంటుంది. బాడీ మార్చాక ఈ రెండూ రెండు పేర్లు చెబుతాయి. దీన్ని ఎలా నమోదు చేయాలన్నది రాష్ట్రానికో తీరు. కాలిఫోర్నియా లాంటి చోట్ల ప్రత్యేకంగా నిర్మించిన వాహనం అని వేరే తరగతే ఉంది. ఒక బండి సంఖ్య పలక ఊడదీసి ఇంకో బండికి తగిలించడం మాత్రం కేంద్ర చట్టం ప్రకారం నేరం. దొంగబండ్లను అమ్మేవాళ్లు చేసే పని అదే కాబట్టి.

బ్రిటన్‌లో ఈ చిక్కుముడికి ఒక లెక్క పెట్టారు. బాగా మార్చిన బండి తన పాత రిజిస్ట్రేషన్ నిలబెట్టుకోవాలంటే 8 పాయింట్లు రావాల్సి ఉండేది. మార్పు లేని ఛాసిస్ ఉంటే 5. సస్పెన్షనుకు 2, యాక్సిల్స్‌కు 2, గేర్‌బాక్సుకు 2, స్టీరింగుకు 2. ఇంజనుకు 1. ఛాసిస్ మీద కూర్చునే బాడీకి? సున్నా. బ్రిటిష్ రిజిస్ట్రేషన్ కార్యాలయం చాలాకాలం పాటించిన లెక్క ఇది. విక్రమార్కుడి తీర్పును ఆ కార్యాలయం తిరగేసింది. మన ఆర్‌సీ పుస్తకంలోనూ ఉండేవి ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు. మనిషికి తల ఎలాగో బండికి ఛాసిస్ అలాగ. ఈ ఒక్క విషయంలో గుమాస్తాలదే సరైన తీర్పు. రేకు మారినా ఛాసిస్ నిలిచినంతకాలం బండి బతికే ఉంటుంది. ఛాసిస్ విరిగితే పైన ఎంత మెరిసినా అది బొమ్మ.

ఈ జోడింపును షెడ్డు కుర్రాళ్ల చపలత్వం అని కొట్టేసేవాళ్లు బండ్ల చరిత్ర తిరగేయాలి. రెండో ప్రపంచ యుద్ధం దాకా రోల్స్ రాయిస్ కంపెనీ అమ్మింది ఛాసిస్, ఇంజనే. బాడీ ఎవరికి కావాల్సినట్టు వాళ్లు గుర్రపు బగ్గీలు చేసే ఇళ్లలో చేయించుకునేవారు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ సిల్వర్ ఘోస్ట్ ఒకటి ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేయించుకున్న కారు అది, వచ్చేలోగా ఆయన 1911లో పోయారు. మీద సింహాసనం లాంటి సీటున్న ఆ బాడీ చేసింది రోల్స్ రాయిస్ కాదు, లండన్‌లోని బార్కర్ సంస్థ. ఇనుము ఒకరిది, ఒళ్లు ఇంకొకరిది అన్నది అప్పట్లో మామూలు మాట. ఫోర్ వీల్ డ్రైవ్ కూడా అలా బయటి నుంచి వచ్చి చేరినదే. షెవర్లే పికప్పులకు నాలుగు చక్రాల లాగుడు తగిలించింది మినియాపొలిస్‌లోని నాప్కో అనే సంస్థ. 1957లో గానీ షెవర్లే దాన్ని తన ఫ్యాక్టరీలో బిగించి అమ్మలేదు.

సుంకం తప్పించుకోవడానికి కంపెనీలు కూడా ఈ విడదీతను వాడుకున్నాయి. అమెరికా కోళ్ల మీద ఐరోపా దేశాలు పన్ను పెంచాయన్న కోపంతో 1963 డిసెంబరులో అధ్యక్షుడు జాన్సన్ దిగుమతి చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేశాడు. జపాను నుంచి ఇసుజు చేసిన షెవర్లే లవ్, మాజ్దా చేసిన ఫోర్డు కొరియర్ తొట్టి లేకుండా ఓడ దిగేవి. క్యాబూ ఛాసిస్ మాత్రమే వస్తే సుంకం 4 శాతం. తొట్టి అమెరికా గడ్డ మీద బిగించేవారు. 1980లో ఆ సందు మూసేసేదాకా ఆ చిన్న పికప్పులన్నీ రెండు ముక్కలుగా పుట్టి ఒకటైనవే.

కంపెనీలు తామే చేసినప్పుడు దీనికి గౌరవమైన పేర్లు వస్తాయి. 1970 నాటి రేంజ్ రోవర్ వీల్‌బేస్ 100 అంగుళాలు. 1989లో డిస్కవరీ అన్న కొత్త బండి తెచ్చినప్పుడు ల్యాండ్ రోవర్ కింద వాడింది ఆ 100 అంగుళాల ఛాసిస్‌నే. ఇంగ్లండులో ఔత్సాహికులు అదే ఛాసిస్ మీద పాత అల్యూమినియం ల్యాండ్ రోవర్ బాడీని పెట్టి వంద అంగుళాల హైబ్రిడ్ అని పేరు పెట్టుకున్నారు. మనకూ ఉదాహరణ ఉంది. టాటా వారు 1988లో తెచ్చిన టాటామొబైల్ పికప్పు కుదురు మీదే 1991లో సియెర్రా వచ్చింది, 1994లో సుమో వచ్చింది. ఫ్యాక్షన్ సినిమాల్లో గాల్లోకి లేచి పేలిన సుమోలన్నిటి కింద ఉన్నది ఒక పికప్పు ఎముకలే.

బాడీ వేరు, ఛాసిస్ వేరు అన్న మాట ఎవరికైనా అనుభవంలోకి రావాలంటే ఒహాయో దాకా వెళ్లక్కర్లేదు, విజయవాడ ఆటోనగర్ చాలు. ఫ్యాక్టరీ నుంచి ఒట్టి ఛాసిస్ వస్తుంది. ముందు ఇంజను, స్టీరింగు, వెనక పొడుగ్గా రెండు పట్టీలు, మధ్యలో ఒక కర్రపలక మీద కూర్చున్న డ్రైవరు. తలుపు లేదు, కప్పు లేదు, పక్కన గోడ లేదు. తలకూ ముఖానికీ తువ్వాలు చుట్టుకుని, ఎండకూ వానకూ దుమ్ముకూ ఎదురొడ్డి రోజుల తరబడి నడుపుకొస్తాడు. 1988 మోటారు వాహనాల చట్టం రాసినప్పుడే ఈ ఒట్టి ఛాసిస్‌ల కోసం ఒక వెసులుబాటు పెట్టారు. బాడీ కట్టే షెడ్డులో ఆలస్యమైతే తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు పొడిగించుకోవచ్చని. బాడీ కట్టడం అన్నది చట్టం గుర్తించిన పని.

ఆటోనగర్ మేస్త్రీ ఛాసిస్ పట్టీ అంచులకు రంధ్రం పెట్టడు. పై అంచు మీద వెల్డింగు చేయడు. లారీ కంపెనీలు తమ పుస్తకాల్లో వద్దని రాసిన రెండు పనులూ అవే, పట్టీ అంచున పడ్డ ఒక చిన్న గాటు చాలు, మెలిక పడ్డప్పుడల్లా చీలిక పెరగడానికి. బాడీ దూలానికీ ఛాసిస్ పట్టీకీ మధ్య కర్రనో రబ్బరునో పరిచి, రెండింటినీ కలిపి యూ బోల్టులతో కౌగిలించినట్టు బిగిస్తారు. కొంతదూరం తిరిగాక బోల్టులు మళ్లీ బిగించాలి, కర్ర నలిగి కూర్చుంటుంది కాబట్టి. ఒహాయో షెడ్డులో చిన్న క్యాబ్ కింద రబ్బరు బిళ్ల పెట్టేవాడూ, విజయవాడ షెడ్డులో దూలం కింద కర్ర పరిచేవాడూ ఒకరికొకరు తెలియకుండా ఒకే పాఠం చదివారు.

మనకు మాత్రం ఇప్పుడు దారి దాదాపు మూసుకుంది. కంపెనీ చెప్పిన కొలతలకు భిన్నంగా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటను ఇంకా గట్టిగా ఖాయం చేసింది. దీనికి కారణం ఉంది. కొలత లేకుండా ఎత్తు పెంచిన జీపులు, అతిగా పెద్ద టైర్లు, పెరిగిన బరువును ఆపలేని పాత బ్రేకులు రోడ్డు మీద ఇతరుల ప్రాణాలు తీస్తాయి. ఎత్తు పెరిగినకొద్దీ బండి పక్కకు ఒరిగే గుణం పెరుగుతుంది. చిన్న బాడీ తేలికైనా, దాన్ని ఎంత ఎత్తున పెట్టారన్నదే మలుపులో తేలుస్తుంది. చిన్న పికప్పు బ్రేకు సిలిండరు వదిలేసి పెద్ద చక్రాలను ఆపబోయేవాడిని ఎవరూ క్షమించకూడదు. పెద్ద హౌసింగుకు దానిదే మాస్టర్ సిలిండరు కావాలి.

అయినా నిషేధం ఒక్కటే జవాబు కాకూడదు. అతుకు చూసి, స్టీరింగు తిప్పి, బ్రేకు కొలిచి, పాసా ఫెయిలా చెప్పే తనిఖీ కేంద్రం ఉంటే, నిజాయితీగా పని చేసేవాడు అక్కడికి తానే వస్తాడు. తలుపు మూసేస్తే అతను ఆ విద్య వదిలేస్తాడు, చాటుగా చేసేవాడొక్కడే మిగులుతాడు. ఇప్పటి కార్లలో చాలావాటికి ఛాసిస్ అనేదే విడిగా లేదు, ఒళ్లూ ఎముకలూ ఒకే రేకు. ఢీకొన్నప్పుడు లోపలి మనిషిని అవి మరింత బాగా కాపాడతాయి, ఆ మేలు కాదనలేం. కానీ నేలరేకు కుళ్లితే చాలాసార్లు ఆ కారు మొత్తం పాత ఇనుముకే. మరమ్మతు చేసేవాడి చేతికి పెద్దగా ఏమీ మిగలదు. రెండు ముక్కల బండి, ఒకటి పోయినా రెండోదాన్ని బతికించుకునే అవకాశం ఇస్తుంది. ఆ అవకాశం ఉన్నన్నాళ్లు ఆ పని నేర్చినవాళ్లను తనిఖీతో కలుపుకోవాలి గానీ తరిమేయకూడదు.

పాత జీపో, పికప్పో, లారీయో కొనబోయేవాళ్లకు ఒక మాట. రంగు చూసి మురిసిపోకండి. ఒక గోనెపట్టా పరిచి బండి కింద పడుకోండి. బాడీ ఛాసిస్ మీద ఆనుకున్న ప్రతిచోటా చెయ్యి పెట్టి తడమండి. రబ్బరో కర్రో ఉందా, ఇనుముకు ఇనుము అతికించారా అన్నది వేళ్లకే తెలుస్తుంది. స్టీరింగు బాక్సు చుట్టూ మట్టి గీకి చూడండి. తర్వాత ఛాసిస్ మీద కొట్టిన నంబరును గుడ్డతో తుడిచి, ఒక్కో అంకెనూ ఆర్‌సీ పుస్తకంలో ఉన్నదానితో సరిచూడండి. ఒక్క అంకె తేడా వచ్చినా ఆ బండి కొనకండి.